మా వీధి పుస్తకాల కూటం

మా కూటానికి ముప్పై మంది దాకా వస్తారు. వాళ్లలో తెలుగు గడగడా చదవగలిగేవాళ్లు ఏడుగురో ఎనిమిదిమందో. అవ్వల్లో కొందరు అసలు బడి మెట్టే ఎక్కలేదు. పిల్లల సంగతి మీకు తెలిసిందే. 2006 చట్టం తర్వాత పదో తరగతి దాకా తమిళం తప్పనిసరి అయింది. తమిళం రావడం మంచిదే, ఉండేది ఇక్కడే కదా. కానీ ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లోడు తెలుగు అక్షరం చూసి జిలేబీ అంటున్నాడు. ఇట్లాంటి చోట పుస్తకాల కూటమేంటని మొదట్లో చాలామంది నవ్వారు.

మేం చేసేది ఇంతే. నెలకి రెండు ఆదివారాలు, సాయంత్రం అయిదింటికి ఒకరు గట్టిగా చదువుతారు, మిగతావాళ్లు వింటారు. పది పేజీలు మించవు. తమిళ పుస్తకమైతే పిల్లలు చదువుతారు, తెలుగు పుస్తకమైతే పెద్దలు. చదివాక ఒకటే అడుగుతాం: ఇది మన వీధిలో ఎక్కడుంది? ఉపన్యాసానికి లేచినవాళ్లని కూర్చోబెట్టడం నా పని. ఎన్నికలు దగ్గరపడితే అది చాలా కష్టమైన పని.

మొదట పట్టుకున్నది ఉన్నవ లక్ష్మీనారాయణ గారి 'మాలపల్లి'. ఆయన జైల్లో కూర్చుని రాసిన నవల. 1922లో అచ్చయింది, మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించింది. ఆ మాట చెప్పగానే కుర్రాళ్లు దగ్గరికి జరిగారు. చౌదరయ్య చేతిలో సంగదాసు చనిపోయే చోటికి వచ్చేసరికి "ఈ పొద్దుకి చాలు నాయనా" అంది పక్కింటి పెద్దమ్మ. పుస్తకం మూసేశాం గానీ మాట ఆగలేదు. కాంట్రాక్టు కింద ఊడ్చే పనికి పోయే ఒక అక్క, కాగితం మీద జీతం ఎంత, చేతికొచ్చేది ఎంత అని లెక్క చెప్పింది. అంతవరకూ ఆమె కూటంలో నోరు విప్పలేదు.

పెరంబూరులో ఇది కొత్త సంగతి కాదు. మన తాతల కాలంలో శ్రీ వేంకటేశ గుణామృత వర్షిణీ సభ అని ఒకటుండేది. చెల్వపతి చెట్టి, రామానుజులు నాయుడు అని మిల్లు దగ్గర చిన్న వ్యాపారం చేసుకునే ఇద్దరు దాన్ని నడిపేవాళ్లు. భక్తి మాటలు వినడానికి బకింగ్‌హాం, కర్నాటిక్ మిల్లుల కార్మికులు వచ్చేవాళ్లు. వచ్చినవాళ్లు దేవుడి మాటతోపాటు మిల్లు మాట కూడా ఎత్తారు: తిండికి అరగంటే ఇస్తారని, మేస్త్రీలు కొడతారని. ఆ ఇద్దరూ బి.పి. వాడియా దగ్గరికి వెళ్లారు. 1918 ఏప్రిల్ 27న మద్రాసు లేబర్ యూనియన్ పుట్టింది. దేశంలో పద్ధతిగా ఏర్పడ్డ మొదటి కార్మిక సంఘం అదేనంటారు. వాడియా ఇంగ్లీషులో మాట్లాడితే తిరు.వి.క. తమిళంలో చెప్పేవారు.

ఈ కథ మా వాళ్లకి భలే నచ్చింది. చిక్కు 1921 దగ్గర వచ్చింది.

ఆ ఏడు వేసవిలో మొదలైన పెద్ద సమ్మె గురించి చదివాం. ఆది ద్రావిడ కార్మికుల్లో ఎక్కువమంది పనికి పోయారు. ఎం.సి. రాజా వంటి నాయకులు సమ్మె వద్దన్నారు. పులియాంతోపులో గుడిసెలు కాలాయి, పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అక్టోబరుకి కార్మికులు ఓడి మిల్లుకి తిరిగి వెళ్లారు. మిల్లులో ముప్పై ఏళ్లు చేసిన ఒక పెద్దాయన "వాళ్లే సమ్మె విరిచారు" అన్నాడు. వెనకవీధి నుంచి వచ్చే అవ్వ ఒకామె లేచింది. "మా ఇంట్లో దాన్ని సమ్మె అనం, గుడిసెలు కాలిన ఏడు అంటాం. అంతకుముందు మీ వాళ్లు మా వాళ్లకి ఏ పొద్దన్నా చెంబుతో నీళ్లిచ్చారా?" అంది. ఎవరూ మాట్లాడలేదు. టీ చల్లారిపోయింది.

పెద్దాయన తర్వాతి రెండు కూటాలకి రాలేదు. కొందరు నాతో, ఇట్లాంటివి చదవడం ఎందుకు, ఉన్న స్నేహం చెడుతుంది అన్నారు. నాకు అట్లా తోచలేదు. ఆ స్నేహం ఏపాటిదో చూడాలంటే వెనకవీధి వాళ్లు ఎక్కడ కూర్చుంటున్నారో చూస్తే చాలు. అప్పటిదాకా కూటం మా వీధి భజన మందిరంలో జరిగేది. ఆ అవ్వ ఏనాడూ గడప దాటలేదు, బయట అరుగు మీదే కూర్చునేది. లోపలికి రమ్మని మేం పిలుస్తూనే ఉన్నాం. ఆమె "ఇక్కడ గాలొస్తుంది" అనేది. ఇప్పుడు రెండు వీధుల మధ్య టీకొట్టు పక్కనున్న రేకుల షెడ్డులో చదువుతున్నాం. వానొస్తే చప్పుడుకి ఏమీ వినపడదు, అది వేరే సంగతి. పెద్దాయన మూడో కూటానికి వచ్చాడు. అవ్వకి క్షమాపణేం చెప్పలేదు. తన కుర్చీ మాత్రం ఆమె వైపు జరిపి, చదవమన్నాడు.

ఇంకో పని కూడా నడుస్తోంది. మద్రాసు గ్రంథాలయ చట్టం 1948లో వచ్చింది, స్వతంత్ర దేశంలో అట్లాంటి చట్టం అదే మొదటిది. ఇంటి పన్నులో రూపాయికి పది పైసలు గ్రంథాలయాల కోసం కట్టించుకుంటారు. అద్దెకున్నవాళ్లం కూడా అద్దెలో కలిపి కడుతున్నట్టే. అందుకే దగ్గరి శాఖా గ్రంథాలయంలో తెలుగు పుస్తకాలు పెట్టమని అర్జీ రాశాం. అర్జీ తమిళంలో రాసింది జిలేబీ అన్న పిల్లోడే. నూట పద్నాలుగు సంతకాలయ్యాయి, అందులో వేలిముద్రలు పంతొమ్మిది.

వచ్చే కూటానికి 'మాలపల్లి' ఆపిన చోటినుంచి మొదలుపెడతాం. చదవడం రానివాళ్లు ముందు వరసలో కూర్చోండి, వాన పడినా వినపడుతుంది.