రౌతు చేసే తీర్థయాత్ర

ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్ర చరిత్రను తరగతిలో చెబుతున్న రోజున ఒక విద్యార్థి లేచి నన్నొక ప్రశ్న అడిగినాడు. "ఆయన పల్లకిలో వెళ్ళినారు గదా! మోసిన బోయీలకు రావలసిన పుణ్యం, కూర్చున్నవారికి ఎట్లా వస్తుందండీ?" తరగతి అంతా నవ్వింది. నేనూ నవ్వినాను. కాని అది నవ్వి ఊరుకోదగిన ప్రశ్న కాదు.

చెన్నపట్టణం సుప్రీం కోర్టులో దుబాసీగా ఉన్న వీరాస్వామయ్యగారు 1830 మే 18న బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరినారు. అంతకాలం ఆయనను మోసినవారు నోరున్న మనుషులు. కూలి అడుగగలరు, అలసితే అలసినామని చెప్పగలరు. మరి నోరులేని జంతువు మీద కూర్చుండి తీర్థయాత్ర చేసేవాని మాట ఏమిటి? ఈ ప్రశ్న వెంట పోగా పోగా నా దృష్టి స్పెయిన్ దేశంలోని ఒక ప్రాచీన యాత్రామార్గం మీద నిలిచింది. అక్కడ ఈనాటికీ కొందరు తమ సొంత గుర్రాల మీద తీర్థయాత్ర సాగిస్తున్నారు.

స్పెయిన్ వాయవ్యమూలన సాంతియాగో దె కాంపొస్తేలా అనే పట్టణం ఉన్నది. క్రీస్తు శిష్యులలో ఒకడైన యాకోబు సమాధి అక్కడ ఉన్నదని క్రైస్తవుల విశ్వాసం. లాటిను భాషలోని యాకోబు పేరే జనుల నోట అరిగి, ముందు ఒక గౌరవపదం చేరి, సాంతియాగో అయింది. ఈ క్షేత్రానికి దారులు అనేకం. అన్నిటిలో ప్రసిద్ధమైనది ఫ్రాన్సు సరిహద్దున ఉన్న సాఁ జాఁ పియె ద పోర్ అనే ఊరినుంచి బయలుదేరి, పిరనీస్ పర్వతాలు దాటి, పాంప్లోనా, బుర్గోస్, లెయోన్ నగరాల మీదుగా సుమారు 780 కిలోమీటర్లు సాగుతుంది. 1993లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వసంపదగా గుర్తించింది. 2024లో దాదాపు 5 లక్షలమంది యాత్ర ముగించి అక్కడి యోగ్యతాపత్రం అందుకొన్నారు. వారిలో పాదచారులే అత్యధికులు. గుర్రం మీద వచ్చినవారు నూటికి ఒక్కరైనా ఉండరు.

ఆ యోగ్యతాపత్రానికి ఒక నియమం ఉన్నది. కాలినడకన గాని, గుర్రం మీద గాని వచ్చేవారు కనీసం 100 కిలోమీటర్లు ప్రయాణం చేయవలెను. సైకిలు మీద వచ్చేవారికి మాత్రం 200 కిలోమీటర్లు. చక్రాల మీద పోయేవాడికి దూరం రెట్టింపు చేసినవారు, గుర్రమెక్కినవాడిని పాదచారితో సమానంగా కూర్చోబెట్టినారు. ఇది న్యాయమేనా అని మొదట నాకూ అనిపించింది. రౌతు దినచర్య తెలిసిన తరువాత ఆ అనుమానం పోయింది.

పాదచారి సాయంకాలం సత్రం చేరగానే మూట దింపి, కాళ్ళు కడుగుకొని, మంచం వెతుక్కుంటాడు. రౌతుకు అప్పుడే అసలు పని మొదలవుతుంది. ముందు జీను దింపవలెను. వీపంతా అరచేతితో తడిమి చూడవలెను. జీను క్రింద చిక్కిన పిడికెడు మట్టి చాలు, మరునాటికి పుండు లేవడానికి. గిట్టలు ఒక్కొక్కటే ఎత్తి ఇరుక్కున్న రాళ్ళు తీయవలెను. లాడం కదులుతున్నదేమో చూడవలెను. గుర్రం కడుపు దాని దేహానికి చిన్నది. ఒక్కమారు పెట్టి ఊరుకుంటే చాలదు, కొద్దికొద్దిగా పలుమార్లు మేపవలెను. ఒక మోస్తరు గుర్రానికి రోజుకు 8 నుంచి 10 కిలోల ఎండుగడ్డి, 25 లీటర్లకు తక్కువ కాకుండా నీరు కావాలి. ఎండలో నడిచిన రోజున నీరు ఇంకా ఎక్కువ కావాలి. సత్రాలలో మనిషికి మంచం దొరుకుతుంది గాని, గుర్రానికి సాల దొరికే చోట్లు తక్కువ. ఏ ఊళ్ళో కంచె వేసిన పచ్చిక ఉన్నదో, రాత్రికి ఎవరు చోటిస్తారో రౌతు ముందుగానే విచారించి పెట్టుకోవలెను.

పోనీ, పగలైనా సుఖమా అంటే అదీ లేదు. మామూలు నడకలో గుర్రం గంటకు 6 కిలోమీటర్లు పోతుంది. మనిషి నడకకంటె అది పెద్ద ఎక్కువేమీ కాదు. తారురోడ్డు గట్టిదనం కీళ్ళకు చేటు గనుక అక్కడ పరుగు తీయించరాదు. నిటారుగా దిగుడు వచ్చినచోట రౌతు క్రిందికి దిగి, పగ్గం పట్టుకొని నడవవలసిందే. "రౌతు కొద్దీ గుర్రం" అని మన సామెత. ఈ దారిలో మాత్రం గుర్రం కొద్దీ రౌతు!

అద్దె గుర్రమెక్కేవాడికి ఈ బాధ లేదు. ఇదే మార్గంలో ఓ సెబ్రేరో అనే కొండ ఊరు ఉన్నది. సముద్రమట్టానికి సుమారు 1300 మీటర్ల ఎత్తు. ఆ కొండ ఎక్కలేనివారిని అద్దె గుర్రాలు పైకి చేర్చడం కద్దు. పైన దిగి, డబ్బిచ్చి, వెనుదిరిగి చూడకుండా పోవచ్చును. సొంత గుర్రంతో వచ్చినవాడు అట్లా పోలేడు. నిన్నటి తన తొందరపాటు ఈనాడు దాని నడకలో కనిపిస్తుంది.

ఈ బాధ్యత కొత్తది కాదు. 12వ శతాబ్దంలో ఈ యాత్రను గురించి లాటినులో సంకలనమైన కాలిక్స్టినస్ గ్రంథంలోని చివరి భాగం యాత్రికులకు దారి చూపే పుస్తకం. మార్గాన్ని అది 13 మజిలీలుగా విభజించి, అందులో రెండు గుర్రం మీద పోయేవారి మజిలీలని చెబుతుంది. నవార్రా ప్రాంతంలో లోర్కా అనే ఊరి చెంత ఒక ఉప్పుటేరును గురించి అందులో ఉన్న కథ మరువరానిది. గ్రంథకర్త బృందం అక్కడికి చేరేసరికి ఇద్దరు మనుషులు గట్టున కూర్చుండి కత్తులు నూరుకొంటున్నారు. "ఈ నీరు గుర్రాలకు మంచిదేనా?" అని అడిగితే మంచిదేనన్నారు. నీళ్ళు త్రాగిన గుర్రాలలో రెండు అక్కడికక్కడే చచ్చినాయి. ఆ ఇద్దరూ లేచి, నూరిన కత్తులతో వాటి చర్మం ఒలుచుకొన్నారు.

గుర్రం ఆ ప్రశ్న తానుగా అడుగలేదు. దాని పక్షాన అడుగవలసినవాడు రౌతు. ఎవరిని అడుగుతున్నాడో, వారి చేతిలో ఏమున్నదో చూచుకోవలసినవాడూ రౌతే.

ఇది చదివినప్పుడు తిక్కన తెనిగించిన ద్రోణపర్వం నాకు జ్ఞాపకం వచ్చింది. సూర్యాస్తమయంలోగా సైంధవుని వధించకపోతే అగ్నిలో ప్రవేశిస్తానని అర్జునుడు ప్రతిజ్ఞ పట్టినాడు. ప్రొద్దు వాలుతున్నది. శత్రువు ఇంకా దూరాన ఉన్నాడు. గుర్రాలు బాణాలు తగిలి, దప్పిగొని, డస్సినాయి. అప్పుడు అర్జునుడు రథం దిగి నేలమీద నిలిచి పోరాడుతూ, బాణంతో మడుగు కల్పించినాడు. కృష్ణుడు గుర్రాలను విప్పి, ములుకులు పెరికి, మేను నిమిరి, నీరు త్రాగించినాడు. ప్రాణానికి ముడిపడిన ప్రతిజ్ఞలో కూడా గుర్రాల దప్పికకు చోటున్నది.

సాంతియాగో రౌతుకు ఎదురయ్యే కఠినపరీక్ష కూడా ఇదే. ఏడాదిపాటు కూడబెట్టిన సొమ్ము, దొరక్క దొరికిన సెలవు, మ్రొక్కుకొన్న మ్రొక్కు. క్షేత్రం ఇక మూడు రోజుల దూరం. ఆ ఉదయాన గుర్రం ఒక కాలు ఆనించకుండా నిలిచింది. ఒక ముద్దగా మందు పూసి, జీను బిగించి ఎక్కి పోవచ్చును; చూచేవారెవరూ లేరు. లేదా మ్రొక్కు వాయిదా వేసి అక్కడే నిలిచిపోవచ్చును. గుర్రం మీద చేసే యాత్ర అంతా ఆ ఒక్క ఉదయంలో తేలిపోతుంది.

పుణ్యం లెక్కలు చెప్పగలవాడను కాను. నా విద్యార్థికి ఆలస్యంగా ఇచ్చుకొంటున్న సమాధానం ఒక్కటే. మా చిన్నతనంలో స్టేషనుకు జట్కాలో పోయేవాళ్ళం. వంతెన ఎగుడు రాగానే మా నాయనమ్మ, మోకాళ్ళ నొప్పులతోనే, అందరికంటె ముందు దిగేది. "కూర్చోండి అమ్మగారూ, లాగుతుంది లెండి" అనేవాడు బండివాడు.

"లాగుతుంది నాయనా, లాగలేనని చెప్పడానికి దానికి నోరేదీ?" అని కొంగు దోపుకొని నడిచేది.