వాల్వు స్ప్రింగు కంప్రెసర్

వాల్వు స్ప్రింగు కంప్రెసర్ అనునది అంతర్దహన యంత్రాలలో వాల్వులను (కవాటాలను) మూసి ఉంచే స్ప్రింగులను నొక్కిపట్టి, వాటిని ఊడదీయుటకు, తిరిగి అమర్చుటకు వాడే చేతి పనిముట్టు. ఇందులో పలు రకాలున్నవి. ఇంటివద్ద స్వయంగా స్ప్రింగులు మార్చదలచినవారికి ఏ రకం అవసరమనేది ముఖ్యంగా రెండు విషయాలను బట్టి తేలుతుంది. ఒకటి, సిలిండరు హెడ్డును ఇంజను నుండి విప్పి పని చేస్తారా, విప్పకుండా చేస్తారా అన్నది. రెండవది, స్ప్రింగు చుట్టూ పనిముట్టు పట్టుటకు ఉన్న చోటు.

స్ప్రింగు పని

నాలుగు స్ట్రోకుల ఇంజనులో క్రాంకుషాఫ్టు రెండు చుట్లు తిరిగినపుడు కామ్‌షాఫ్టు ఒక చుట్టు తిరుగుతుంది. వాల్వును తెరిచేది కామ్, మూసేది స్ప్రింగు. ఇంజను నిమిషానికి 6,000 చుట్లు తిరుగుతున్నపుడు ప్రతి వాల్వు సెకనుకు 50 సార్లు తెరుచుకొని మూసుకుంటుంది. స్ప్రింగు బలహీనపడితే అధిక వేగంలో వాల్వు సకాలంలో మూసుకోదు. అందువలన ఇంజను శక్తి తగ్గుతుంది. కొన్ని ఇంజన్లలో పిస్టను వాల్వుకు తగిలే ప్రమాదం కూడా ఉంది. వాల్వు కాడకు ఉండే ఆయిలు సీలు అరిగి, పొగగొట్టం నుండి నీలిపొగ వచ్చునపుడు కూడా, సీలు మార్చుటకు స్ప్రింగును తీయవలసి వస్తుంది.

స్ప్రింగు పైన రిటైనరు అనే గుండ్రని బిళ్ళ ఉంటుంది. వాల్వు కాడ చివరనున్న గాడిలో ఇమిడే రెండు చిన్న లాకులు ఈ బిళ్ళను పట్టి ఉంచుతాయి. రిటైనరును కిందికి నొక్కినపుడు మాత్రమే లాకులు వదులై బయటకు వస్తాయి.

స్ప్రింగులోని బలం

ఉదాహరణకు ఒక స్ప్రింగును 1 మి.మీ. నొక్కుటకు 25 న్యూటన్ల బలం కావలెననుకొందాం. బిగించిన స్థితిలో అది 10 మి.మీ. నొక్కబడి ఉంటే 250 న్యూటన్ల బలంతో వాల్వును పట్టి ఉంచుతుంది. లాకులు తీయుటకు మరొక 10 మి.మీ. నొక్కితే బలం 500 న్యూటన్లు, అనగా సుమారు 51 కిలోల బరువుకు సమానమవుతుంది. అప్పుడు స్ప్రింగులో నిలువ ఉండే శక్తి 5 జౌళ్ళు. 100 గ్రాముల రాయి 5 మీటర్ల ఎత్తునుండి పడినపుడు తగిలే దెబ్బ దాదాపు ఇంతే. పనిముట్టు జారితే స్ప్రింగు గాని, లాకు గాని కంటికి తగలవచ్చును. స్క్రూడ్రైవర్లతో నొక్కే పద్ధతి అపాయకరమనుటకు కారణమిదే.

రకాలు

* సి-క్లాంపు రకం: దీని ఒక కొన వాల్వు ముఖంపైన, రెండవ కొన రిటైనరుపైన ఆనుతుంది. హెడ్డు విప్పినపుడే వాడవీలగును. వాల్వును కూడా పనిముట్టే పట్టి ఉంచుతుంది గనుక కొత్తవారికి అన్నిటికంటె అనువైనది.
* మీట రకం: రాకరు షాఫ్టును గాని, రాకరు బోల్టును గాని ఆధారంగా చేసుకొని స్ప్రింగును నొక్కుతుంది. పుష్‌రాడ్లు గల ఇంజన్లలో హెడ్డు విప్పకుండానే వాడవచ్చును.
* వంతెన రకం: హెడ్డుకు అడ్డంగా ఒక కడ్డీని బోల్టులతో బిగించి, దాని ఆధారంతో మీట లేదా మర ద్వారా నొక్కుతారు. కామ్‌షాఫ్టు హెడ్డులోనే ఉండే ఇంజన్లకు తగినది.
* కవల రకం: వాల్వులు సిలిండరు పక్కన ఉండే పాత ఇంజన్లకు వాడే రెండు కొనల పనిముట్టు. హిందుస్థాన్ మోటార్స్ వారి అంబాసిడర్ కారుకు తొలినాళ్ళలో ఇటువంటి ఇంజనే ఉండేది. తరువాత 1,489 ఘ.సెం.మీ. పుష్‌రాడ్ ఇంజను వచ్చింది. ఒకే పేరుగల కారుకైనా ఇంజనును బట్టి పనిముట్టు మారుతుంది. ఈ కారు ఉత్పత్తి 2014లో నిలిచిపోయింది.

ఎంపికలో గమనించవలసినవి

సి-క్లాంపు లోతు హెడ్డు అంచు నుండి వాల్వు వరకు చేరవలెను. నొక్కే గిన్నె రిటైనరు అంచుపై సరిగా కూర్చోవలెను. దాని పక్కనున్న కిటికీ నుండి లాకులు తీయుటకు వీలుండవలెను. స్ప్రింగు లోతైన గుంటలో ఉండే హెడ్డులలో గిన్నె ఆ గుంట గోడలను గీయకూడదు. గీతలు పడితే అందులో కదలాడే ట్యాపెటు పాడవుతుంది. కారు క్లాంపు మోటారుసైకిలు హెడ్డుకు తరచుగా పెద్దదవుతుంది. మర ఉన్న పనిముట్టు నెమ్మదిగా పని చేసినా అదుపులో ఉంటుంది. బరువు పడగానే వంగే పలుచని చట్రం గలవాటిని కొనరాదు.

హెడ్డు విప్పకుండా మార్చుట

ఈ పద్ధతిలో లాకులు తీసిన వెంటనే వాల్వుకు పట్టు ఉండదు. అది సిలిండరులో పడిపోతే హెడ్డు విప్పక తప్పదు. దీనిని నివారించుటకు రెండు మార్గాలున్నవి.

మొదటిది, స్పార్కుప్లగ్గు రంధ్రం ద్వారా సిలిండరులోనికి గాలిని పంపుట. పైన చెప్పిన అంబాసిడర్ పుష్‌రాడ్ ఇంజను సిలిండరు వ్యాసం సుమారు 73 మి.మీ., అనగా పిస్టను వైశాల్యం సుమారు 42 చ.సెం.మీ. చదరపు సెంటీమీటరుకు 7 కిలోల పీడనంతో గాలి పంపితే పిస్టనుపై 290 కిలోలకు పైగా బలం పడుతుంది. పిస్టను సరిగా పై చివర లేకపోతే క్రాంకుషాఫ్టు ఒక్కసారిగా తిరుగుతుంది. అందుచేత క్రాంకుషాఫ్టుపై పానా వదిలివేయరాదు.

రెండవది, పిస్టను కొంత దిగువన, వాల్వులు రెండూ మూసి ఉన్నపుడు, అదే రంధ్రం గుండా మెత్తని నైలాను తాడును లోనికి చొప్పించి, క్రాంకుషాఫ్టును చేతితో నెమ్మదిగా తిప్పుట. తాడు పిస్టనుకు, వాల్వులకు మధ్య దిండులా బిగుస్తుంది. తాడు చివరను బయటే ఉంచవలెను. దీనికి కంప్రెసరు యంత్రం అవసరం లేదు.

తోడు పనిముట్లు, జాగ్రత్తలు

లాకులు పట్టుటకు సన్నని అయస్కాంతం, అమర్చునపుడు వాటిని అంటించుటకు కొద్ది గ్రీజు, కొలతకు వెర్నియర్ కాలిపర్సు, వాల్వు గ్యాపు చూచుటకు ఫీలరు గేజి కావలెను. విప్పిన స్ప్రింగు పొడవును, నిటారుతనాన్ని తయారీదారుల పుస్తకంలోని కొలతలతో పోల్చవలెను. కళ్ళద్దాలు తప్పనిసరి. లాకులు ఇంజనులో పడకుండా ఆయిలు రంధ్రాలను గుడ్డతో మూసి, పని ముగిసిన తరువాత ఆ గుడ్డలను లెక్కించి తీయవలెను. చివరగా ఇంజనును స్టార్టు చేయుటకు ముందు క్రాంకుషాఫ్టును చేతితో రెండు పూర్తి చుట్లు తిప్పి, ఎక్కడా అడ్డు లేదని నిర్ధారించుకొనవలెను.

ఒక్కసారి మాత్రమే అవసరమైనవారు, వీలైతే హెడ్డును విప్పి మెకానిక్కు వద్దకు తీసుకొనిపోయి స్ప్రింగులు మార్పించుకొనుట పనిముట్టు కొనుటకంటె మేలు.