గర్భమున మెదడు రూపొందు విధము

స్వర్ణముఖి యొడ్డున నున్న వాకాడులోనేమి, మరియొక యూరనేమి, నెలతప్పిన పిదపనే పెద్దలు జాగ్రత్తలు చెప్ప మొదలిడుదురు. ఒక విషయమున నది యాలస్యమని సోదరీమణులకు మనవి చేయుచున్నాము.

శిశువు మెదడునకును వెన్నుపామునకును మూలము సన్నని గొట్టము. మొదట రేకువలె నుండి, అంచులు మడతపడి, గర్భము నిలిచిన 28 దినములలోపల మూసికొనును. అప్పటికి పెక్కుమందికి తాము గర్భవతులమని తెలియనే తెలియదు!

ఆ గొట్టపు గోడలోని మూలకణములకు పని చెప్పువారెవరు? ఇరుగుపొరుగు కణములే. అడుగుననున్న కణములు ఒక ద్రవ్యమును స్రవించును. అది హెచ్చుగా సోకిన కణము ఒక తీరు నాడీకణమగును. తక్కువగా సోకినది వేరొక తీరు. నాడీకణముగా మారబూనిన కణము తన ప్రక్కదానిని తాకి, అప్పుడే మారవలదని వారించును. విత్తనపు వడ్లు దంచుకొనని కాపు వంటిదీ యేర్పాటు: వారింపు లేనిచో మూలకణములు ముందే తరిగిపోవును.

ఈ కణములు వృద్ధి పొందుటకు ఫోలికామ్లము కావలెను. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో నడపిన పరిశోధక బృందము 1945లో దానిని కృత్రిమముగా తయారుచేసెను. గొట్టము సరిగా మూసికొనని బిడ్డను మునుపు కన్న తల్లులు గర్భమునకు ముందునుండియే దానిని పుచ్చుకొనగా, ఆ దోషము మరల కలుగుట నూటికి 72 వంతులు తగ్గెనని 1991లో ప్రకటింపబడెను. గ్రహణమును, కోడలిని నిందించువారు దీనిని చదువుదురుగాక!

తోటకూర, పెసలు మంచివే. ఉడికించిన నీరు పారబోయరాదు. అవి మాత్రమే చాలవు. బిడ్డను కోరునప్పటినుండి గర్భమున 12 వారములు నిండువరకు దినమునకు 400 మైక్రోగ్రాముల మాత్ర వలయునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. మునుపట్టి బిడ్డను కన్నవారును, మూర్ఛకు మందు వాడువారును మోతాదును వైద్యుని అడిగి తెలిసికొనవలెను.