నీటి కింద విజయపురి

పల్నాడు జిల్లాలోని విజయపురి సౌత్ రేవు నుంచి నాగార్జునకొండకు లాంచీలు బయల్దేరుతాయి. దారి పొడవునా సాగర్ జలాశయమే. ఆ నీళ్ల అడుగున ఒక రాజధాని ఉంది. క్రీస్తుశకం 3వ శతాబ్దంలో ఇక్ష్వాకులు ఏలిన విజయపురి అది. మూడు వైపులా నల్లమల కొండలు, నాలుగో వైపు కృష్ణమ్మ. మధ్యలోని లోయలో 30కి పైగా బౌద్ధ ఆరామాలు, వాటి సరసనే దేవాలయాలు, రాతి మెట్ల క్రీడా ప్రాంగణం, అశ్వమేధ స్థలం ఉండేవి. ఇవాళ లాంచీ దిగి మనం కాలు పెట్టేది ఆ లోయలోని ఒక కొండ నెత్తిన.

కొండ మీద పురావస్తు శాఖ మ్యూజియం ఉంది. పలనాటి సున్నపురాయిపై చెక్కిన జాతక కథలు, స్తూపాల వద్ద నిలిపే ఆయక స్తంభాలు, నిలువెత్తు బుద్ధుడు అందులో ఉన్నాయి. ముంపుకు ముందే లోయ నుంచి విప్పి తెచ్చి తిరిగి పేర్చిన 9 కట్టడాలు బయట కనిపిస్తాయి. మరికొన్ని కుడిగట్టున అనుపు దగ్గర ఉన్నాయి. ఇంత శ్రమపడి తెచ్చినా, పైకి చేరింది లోయలో కొంత భాగమే. తక్కిన విజయపురి ఇవాళ మనకు తెలుస్తోందంటే, తవ్విన వాళ్లు గీసిన పటాలు, తీసిన ఫొటోలు, చదివి అచ్చువేసిన శాసనాలే కారణం.

ఈ లోయ సంగతి బయటికి తెచ్చింది ఒక బడిపంతులు. 1926లో సూరపరాజు వెంకటరామయ్య ఇక్కడో పాత స్తంభాన్ని చూసి మద్రాసు ప్రభుత్వానికి తెలియజేశారు. శాసన విభాగంలో తెలుగు సహాయకుడైన రంగస్వామి సరస్వతి వచ్చి పరిశీలించారు. 1927 నుంచి 1931 వరకు పురావస్తు అధికారి లాంగ్‌హర్స్ట్ తవ్వకాలు జరిపి మహాచైత్యమనే పెద్ద స్తూపాన్ని వెలికితీశారు. బ్రాహ్మీ లిపిలో ఉన్న ప్రాకృత శాసనాలను డచ్ పండితుడు వోగెల్ చదివి 'ఎపిగ్రాఫియా ఇండికా'లో ప్రకటించారు. 1938లో టి.ఎన్. రామచంద్రన్ మళ్లీ తవ్వకాలు మొదలుపెట్టారు.

ఆ తర్వాత గడువు ముంచుకొచ్చింది. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. లక్షల ఎకరాలకు నీరివ్వాలంటే లోయ మునగక తప్పదు. అంతకు ఏడాది ముందే, 1954లో, ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో పురావస్తు బృందం లోయలోకి దిగింది. 1960 వరకు ఆరేళ్లపాటు పాతరాతి యుగపు పనిముట్ల నుంచి మధ్యయుగపు కోట దాకా దొరికినదాన్నల్లా కొలిచి, గీసి, రాసిపెట్టింది. మళ్లీ వచ్చి సరిచూసుకునే వీలు లేదని తెలిసి చేసిన పని అది.

శాసనాలను చదివి అచ్చువేయడంలోని విలువ బోధిసిరి శాసనంతో తెలుస్తుంది. బోధిసిరి రాణి కాదు, గృహస్థురాలైన ఒక ఉపాసిక. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 14వ పాలనా సంవత్సరంలో, ఈ లోయలోని చుల ధమ్మగిరి మీద ఆమె ఒక చైత్యగృహం, అంటే ఆరాధనా మందిరం, కట్టించింది. దాన్ని సింహళ థేరవాద ఆచార్యులకు అంకితం చేసింది. వాళ్లు ధర్మం బోధించిన దేశాల పట్టికలో కాశ్మీరం, గాంధారం, చీనా, వంగం, వనవాసి, ద్రవిడం కనిపిస్తాయి. ఆమె చేసిన ఇతర దానాలూ ఆ శాసనంలోనే ఉన్నాయి. కంటకసేల మహాచైత్యం దగ్గర రాతి మండపం వాటిలో ఒకటి. కంటకసేల అంటే నేటి కృష్ణా జిల్లా ఘంటసాల. పని చేసిన రాతి వడ్రంగి విధికుడి పేరు కూడా చెక్కారు. పలనాటి లోయకూ సింహళానికీ మధ్య రాకపోకలు, ఒక ఇల్లాలి దాతృత్వం, ఒక పనివాడి పేరు, మూడూ ఒకే శాసనంలో దొరికాయి. చదివే వాళ్లు లేకపోతే అది గీతలున్న బండ.

కట్టడాలనూ అలాగే చదవాలి. ఇక్కడ తవ్వకాల్లో పాల్గొన్న హెచ్. సర్కార్ ఆరామాల నేల పటాలను పక్కపక్కన పెట్టి చూశారు. కొన్ని ఆరామాల్లో స్తూపమే ఆరాధ్యం. మరికొన్నింటిలో స్తూపమున్న చైత్యగృహం ఒకటి, దానికి ఎదురుగా బుద్ధ విగ్రహమున్న చైత్యగృహం ఇంకొకటి. అపరమహావినసేలియులు, బహుశ్రుతీయులు, మహీశాసకులు అనే బౌద్ధ శాఖలవారు ఒకే లోయలో ఉంటూ ఆరాధనలో ఎక్కడ కలిశారో, ఎక్కడ వేరుపడ్డారో ఆయన ఆ గోడల అమరిక నుంచే చెప్పగలిగారు. ఆ గోడల్లో చాలావాటి మీద ఇప్పుడు నీళ్లున్నాయి. పటాలు భద్రంగా ఉన్నాయి కాబట్టే ఆ చర్చ ఇంకా సాగుతోంది.

అయితే తవ్వకాలు 1960లో ముగిస్తే నివేదిక మొదటి సంపుటం 1975లో వచ్చింది. రెండోది 2006లో గానీ వెలువడలేదు. దాదాపు అర్ధశతాబ్దం! ఒక తరం పరిశోధకులు సగం సమాచారంతోనే పని చేయాల్సి వచ్చింది. ప్రచురణ ఆలస్యమైతే తవ్విన ఫలితం మళ్లీ మట్టిలో కలిసినట్టే.

చదువు ఆగకపోతే కొత్త విషయాలు వస్తూనే ఉంటాయి. సూర్యాపేట జిల్లా ఫణిగిరిలో దొరికిన ఒక శాసనం, ఇక్ష్వాకు రాజు రుద్రపురుషదత్తుడి 18వ పాలనా సంవత్సరంలో రాజవైద్యుడొకరు ధర్మచక్రం నిలిపారని చెప్పింది. అప్పటిదాకా ఆ రాజు 11 ఏళ్లే పాలించాడని పుస్తకాల్లో ఉండేది. ఫాన్ హిన్యూబర్, పీటర్ స్కిల్లింగ్ ఆ శాసనాన్ని పరిష్కరించి ప్రకటించారు. గ్రిఫిత్స్, తూర్నియే వంటి యూరప్ పండితులు ఆంధ్రదేశపు తొలి శాసనాలను ఒక్కొక్కటిగా తిరిగి చదివి, అందరికీ అందేలా ఆన్‌లైన్‌లో పెట్టారు.

మన నేల మీది రాతలను అంత శ్రద్ధగా చదువుతున్న వాళ్లకు కృతజ్ఞతలు చెప్పుకోవాలి. అదే సమయంలో పల్నాటి పిల్లలకు, నల్లగొండ పిల్లలకు ఆ విద్య నేర్పాల్సిన బాధ్యత మనది. ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయంలో మహాయాన బౌద్ధ అధ్యయన కేంద్రం ఉంది. అలాంటి చోట బ్రాహ్మీ లిపి, ప్రాకృతం, పాళీ నేర్పే అధ్యాపకులు నిండుగా ఉండాలి. పరిశోధక విద్యార్థులకు మ్యూజియం గోదాముల తలుపులు తెరవాలి. తవ్వకాల నివేదికల సారం తెలుగులో రావాలి.

మొదటి అడుగుకు పెద్ద ఖర్చేమీ కాదు. కొండ మీది మ్యూజియంలో ప్రతి శాసనం పక్కన దాని పూర్తి అర్థం తేట తెలుగులో రాసిపెట్టాలి. మాచర్ల నుంచి విహారయాత్రకు వచ్చిన తొమ్మిదో తరగతి అమ్మాయి బోధిసిరి ఎవరో, విధికుడు ఏం చేశాడో తనంతట తాను చదివి తెలుసుకోవాలి. వెంకటరామయ్య పంతులు మొదలుపెట్టిన పనిని రేపు కొనసాగించాల్సింది ఆ అమ్మాయే.