సూరతు తెలుగు పాఠశాలలు - తల్లిదండ్రుల పాత్ర

తెలంగాణమునుండి నేతపనికై వచ్చిన పద్మశాలి కుటుంబములు సూరతున, ముఖ్యముగా లింబాయత్ ప్రాంతమున, స్థిరపడినవి. ఇచ్చటి నగరపాలక సంస్థ విద్యాసమితి గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా మాధ్యమములతోపాటు తెలుగు మాధ్యమమునను పాఠశాలలు నడుపుచున్నది. ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు వసతులు కల్పింపవలెనను 350-ఎ అధికరణము రాజ్యాంగమున 1956లో చేరినది.

వసతి కల్పించుట ఒకటి, దానిని నిలుపుకొనుట మరియొకటి. 2009 నాటి విద్యాహక్కు చట్టము ననుసరించి పాఠశాల నిర్వహణ సంఘమున నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు లేక సంరక్షకులు ఉండవలెను. మొత్తము సభ్యులలో సగము స్త్రీలు కావలెను. అభివృద్ధి ప్రణాళిక సిద్ధము చేయుట, నిధుల వినియోగమును కనిపెట్టుట వీరి పని. మరమగ్గముపై 12 గంటల పాళీ చేయు తండ్రి పగటి సమావేశమునకు వచ్చినచో ఆనాటి కూలి పోవును. కావున భారము తల్లిపై పడును. చర్చ, తీర్మానములు గుజరాతీలోనే సాగినచో ఆమె సంతకము సంఖ్యను పూరించునే కాని అభిప్రాయమును తెలుపదు. ఆరు మొదలు ఎనిమిదవ తరగతి వరకు ఈ లోపము మిక్కిలి బాధించును. పై చదువు ఏ మాధ్యమమున అన్నది అప్పుడే తేలవలెను గదా! ఆ యీడు బాలునకు తల్లికంటె గుజరాతీ బాగుగా వచ్చును. తన మార్కులనుగూర్చి తానే దుబాసియైన బాలుని అనువాదము ఎంత నమ్మదగినదో వేరుగ చెప్పనక్కరలేదు. తీర్మానములను రెండు భాషలలోను వ్రాయుట, పాళీ మారువేళకు సమావేశము జరుపుట అసాధ్యములు కావు.