బైసికిలును భుజమున మోయు పందెము

పందెమనగానే మన మనస్సునకు తోచునది గెలిచినవారి మెడలోని పూలదండ. రెండవవారి పేరు మరునాటికి మరతుము. చిట్టచివర వచ్చినవారిని చూచువారే యుండరు. వారు వచ్చునప్పటికి జనము చాపలు చుట్టుకొని యిండ్లకు పోవుచుందురు. అట్లుగాక, చివరనున్న మనిషికి సైతము మొదటి మనిషితోపాటు కడదాక ఆడుటకు చోటిచ్చు పందెమొకటి పాశ్చాత్యదేశములయందు నూరేండ్లకు పైగా సాగుచున్నది. దాని పేరు సైక్లోక్రాసు. ఈ క్రీడను గూర్చియు, ఇంగ్లండు దేశమున దీనిని ఆదివారములందు ఆడు సామాన్య గృహస్థులను, గృహిణులను, బాలికలను గూర్చియు మా సోదరీమణులకు నాలుగు మాటలు చెప్పదలచితిమి.

సైక్లోక్రాసనగా బైసికిలుపై పొలములయందును, పచ్చికబయళ్లయందును, చెట్లతోపులయందును సాగించు పరుగు. రెండున్నర మొదలు మూడున్నర కిలోమీటర్ల పొడవుగల చుట్టుబాటను గుంజలు పాతి, పట్టీలు కట్టి యేర్పరుతురు. ఆ బాటలో గడ్డి, బురద, ఇసుక, మెట్లు, ఏటవాలు గట్టులు అన్నియు నుండును. ఒకానొకచోట అడ్డముగా చెక్కపలకలు నిలుపుదురు. ఈ పలకల యెత్తు నలుబది సెంటిమీటర్లకు మించరాదని నియమము. పలకల చెంతకు వచ్చుచుండగానే కుడికాలు వెనుకనుండి త్రిప్పి దిగి, బండిని చేతనెత్తి, పలకలు దాటి, నడక ఆపకయే మరల నెక్కవలెను. గట్టు నిటారుగా నున్నచో బండిని భుజమున వేసికొని పరుగెత్తవలెను.

ఆ బండి బరువు ఇంచుమించు ఎనిమిది మొదలు పది కిలోగ్రాములుండును. నీటిబిందె చంకనెత్తుకొని చెరువుగట్టెక్కుట యెరిగిన మన పల్లెపడుచులకు ఆ బరువొక లెక్కలోనిది కాదు. కాని ఆ బిందెతో పరుగెత్తుమనియు, గట్టుపైకి చేరగానే ఆ బిందెమీదనే యెక్కి స్వారి చేయుమనియు చెప్పినచో మనవారేమందురో! సైక్లోక్రాసునందు జరుగునది సరిగా నదియే. మోసినదే మరల మోయును.

ఈ క్రీడ ఫ్రాన్సు దేశమున పుట్టినది. ఆ దేశపు సైన్యమున సామాన్య సిపాయిగా నున్న దానియేల్ గుసో అను నాతడు 1902వ సంవత్సరమున మొదటి జాతీయ పోటీని నడపెనని చెప్పుదురు. చలికాలమున రహదారి పందెములు నిలిచిపోవును. అప్పుడు పందెగాండ్రు కాళ్ల బలము తగ్గకుండుటకై పొలములకు అడ్డముపడి బండ్లు తోలుచుండెడివారు. నడుమ నడుమ దిగి పరుగెత్తుటవలన చలికి కొయ్యబారిన పాదములలో రక్తము ప్రసరించుననియు వారెరిగిరి. 1910లో ఫ్రాన్సు దేశమును చుట్టివచ్చు మహాపందెమున గెలిచిన ఒక్తావ్ లాపీజ్, తన గెలుపునకు ఈ శీతకాలపు సాధన తోడ్పడెనని చెప్పుటతో దీని ఖ్యాతి హెచ్చెను. క్రమముగా బెల్జియము, స్విట్జర్లండు, హాలండు, ఇంగ్లండు మొదలగు దేశములకును, సముద్రము దాటి అమెరికాకును వ్యాపించినది.

పందెముల ఋతువు సెప్టెంబరు నెలలో మొదలై ఫిబ్రవరి వరకు సాగును. ఇంగ్లండున మండలమునకొక సమితి గలదు. అందు ఆయా యూళ్ల సైకిలు సంఘములు చేరియుండును. ఈ సంఘములవారు జీతము గొని ఆడువారు కారు. వారము పొడవునను తమ తమ కొలువులు, వ్యాపారములు చూచుకొని, ఆదివారము నాడు మాత్రము రంగురంగుల చొక్కాలు తొడిగి వచ్చువారు. పందెమున గెలిచినవారికి దొరకునది తరచుగా చప్పట్లే.

ఋతువు మొదట జరుగు పందెములకు ఒక ప్రత్యేకత కలదు. వేసవి యప్పుడే గడచినందున నేల గట్టిగా నుండును. ఒకప్పుడు ధూళి కూడ లేచును. బురదయందు నేర్చిన విద్య యచ్చట చెల్లదు. చక్రములలోని గాలి యెంత యుండవలెనన్నది పెద్ద మీమాంస. గాలి మిక్కుటమైనచో చక్రము గడ్డిపై ఎగిరి జారును. తక్కువైనచో రాయి తగిలి గొట్టము చిల్లిపడును. అనుభవజ్ఞులు కొలమానముతో చూచినను, తుదకు బొటనవ్రేలితో నొక్కి నిర్ణయింతురు. మనము మామిడిపండును నొక్కి, పండినదా, ఇంకను రెండు దినములు గడ్డిలో నుంచవలెనా యని తేల్చుకొనుట వంటిదే ఇది. నవంబరు వచ్చునప్పటికి వానలు కురిసి, ఆ బాటయే దమ్ము చేసిన వరిమడి వలె మారును. అప్పుడు గాలి ఇంకను తగ్గింతురు. ఆ దినములలో ఆదివారపు సాయంకాలము ఆ యిండ్ల ఉతుకుడు సంగతి మేము వేరుగ వర్ణింపనక్కరలేదు.

నేలయే కాదు, శరీరమును మొదట మొదట మాట వినదు. ఏడెనిమిది నెలలు పలకలు దాటని కాలు దిగవలసిన చోట దిగదు; ఎక్కవలసిన చోట తడబడును. అందుచేత మొదటి పందెమున పడువారు పలువురు. అనుభవజ్ఞులును, క్రొత్తవారును ఒకే గడ్డిపై దొర్లుట ఆ నెలయందే చూడవచ్చును. క్రొత్తగా చేరువారికి ఇంతకన్న మంచి సమయము లేదు.

ఇక పందెపు దినము. సమితిలోని సంఘములు వంతులవారిగా ఆతిథ్యమిచ్చును. తమ వంతు వచ్చిన సంఘమువారు ముందుగనే గుంజలు పాతి పట్టీలు కట్టుదురు. ఉదయము చిన్నపిల్లల పందెము, తరువాత కొంచెము పెద్దపిల్లలది, ఆపై స్త్రీలది, వయసు మళ్లినవారిది, తుదకు యువకులది — ఈ విధముగ పలుచోట్ల క్రమముండును. ఉదయము పందెమాడినవారు మధ్యాహ్నము మలుపులయందు కావలి నిలుతురు. తల్లి పందెమాడునంతసేపు తండ్రి బిడ్డ నెత్తుకొని పట్టీ దగ్గర నిలుచును. ఆమె వచ్చి బిడ్డనందుకొన్న పిమ్మట ఆతడు పోయి బారులో నిలుచును. తేనీరు కాచువారు, చుట్టులు లెక్కించువారు, చిల్లిపడిన గొట్టము మార్చువారు అందరును ఆ కుటుంబములవారే. జట్టు అనగా చొక్కా రంగు మాత్రమే కాదు. బిడ్డను పట్టుకొనుటకొక చేయి కూడ. ఈ సంగతి మన గృహిణులకు వెంటనే బోధపడును. స్త్రీ ఒక్క గంట తనకై వెచ్చింపవలెనన్నచో ఆ గంటను మరియొకరు మోయవలెను గదా.

మేము మొదట చెప్పిన విషయమునకు ఇప్పుడు వత్తుము. ఈ పందెమునకు దూరము నియమితము కాదు, కాలము నియమితము. యువకులకు గంటసేపు, స్త్రీలకు ముప్పావుగంట, యేబది నిమిషములు — ఇట్లుండును. మొదటి రెండు చుట్టులకు ముందున్నవారికెంత కాలము పట్టినదో చూచి, మొత్తము ఎన్ని చుట్టులు కాగలవో న్యాయనిర్ణేతలు లెక్క గట్టుదురు. కడపటి చుట్టునకు గంట మ్రోగింతురు. ముందున్న మనిషి గీత దాటిన పిమ్మట, వెనుకవారు తామున్న చుట్టును ముగించి ఆగుదురు. మొదటివారు ఏడు చుట్టులు తిరిగినచో చివరివారు అయిదు తిరిగియుందురు. కాని ఇరువురును ఇంచుమించు ఒకే సమయమునకు, ఒకే జనసమూహము నడుమ, ఒకే గీత దాటుదురు. ఎవరికొరకును ఎవరును కాచియుండ నక్కరలేదు. ఎవరును ఒంటరిగా మిగిలిపోరు.

జగత్ప్రసిద్ధములైన పెద్ద పోటీలలో నియమము వేరు. ముందున్నవారి మొదటి చుట్టుకాలములో నూటికి ఎనుబది వంతులు వెనుకబడినవారిని బాటనుండి తొలగింతురు. వేలకొలది జనము చూచు పందెమున ముందువారికి దారి యడ్డము కాకుండుటకై అది యవసరము కావచ్చును. కాని ఊరి పందెములయందు ఆ కత్తి సాధారణముగా దూయరు. ముందువారు వెనుకనుండి వచ్చి కేక వేయుదురు. చివరివారు ప్రక్కకు జరిగి దారి యిచ్చి, మరల తమ పరుగు సాగింతురు.

ఋతువు మొదట జరుగు పందెములలో దీనికి మినహాయింపుగా చెప్పదగినది యార్కుషైరులోని మూడు కొండల పందెము. ఇంగిల్బరో, వెర్న్‌సైడు, పెన్నిగెంటు అను మూడు కొండలను బైసికిలుతో ఎక్కి దిగవలెను. వీనిలో వెర్న్‌సైడు 736 మీటర్ల యెత్తు. మొత్తము బాట సుమారు 61 కిలోమీటర్లు. 1959లో పదునాలుగేండ్ల బడిపిల్లవాడొకడు ఈ మూడు కొండలను బండితో దాటి చూపెను. 1961లో మొదటి పందెము జరిగెను. దానిని గెలిచిన జాన్ రాన్స్‌లీ దశాబ్దములపాటు ఆ పందెమును తానే నడపెను. సెప్టెంబరు చివరి ఆదివారము దానికి ఆనవాయితీయైన దినము. ఇంగిల్బరోకు పోవు ఏటవాలున తొక్కుట యను మాటయే లేదు; బండి మోయుటయే. స్త్రీ పురుషులు ఒకే బాటపై పోవుదురు. ప్రతివారును ఒక యీల, ఆపదలో కప్పుకొను సంచి వెంట గొనిపోవలెను. ఇచ్చట మాత్రము నియమితకాలమునకు నియమితస్థలము చేరనివారిని ఆపివేయుదురు. మంచు క్రమ్ము కొండపై అది ప్రాణరక్షణకై చేసిన కట్టడి, దానిని తప్పుపట్టరాదు.

తప్పుపట్టవలసిన కట్టడి మరియొకటి చిరకాలముండెను. పురుషులకు ప్రపంచ విజేతను నిర్ణయించు పోటీ 1950లో పారిసు నగరమున మొదలాయెను. స్త్రీలకట్టి పోటీ 2000వ సంవత్సరమున గాని, అనగా సరిగా యేబదియేండ్లకు గాని, కలుగలేదు. హాలండు దేశమున జరిగిన ఆ మొదటి పోటీలో జర్మనీ దేశస్థురాలు హాంకా కుప్ఫర్‌నాగెల్ గెలిచెను. అంతటితో కథ ముగియలేదు. బాలురకు 1979లోనే వేరుగ పోటీ యేర్పడగా, పదునారు పదునేడేండ్ల బాలికలకు మాత్రము తమ యీడువారితో ఆడు ప్రపంచపు పోటీ లేకపోయెను. నిన్నటిదాక తోటిపిల్లలతో పోటీపడిన బాలిక, ఒక్కసారిగా ముప్పదియేండ్ల వనితల ప్రక్కన బారులో నిలువవలసివచ్చెను.

అట్లు నిలిచి గెలిచినవారు లేకపోలేదు. హాలండు దేశపు మరియాన్ వోస్ 2006లో, పదునెనిమిదేండ్ల వయసుననే, ఆ పెద్దవారినందరిని ఓడించి ప్రపంచ విజేత యయ్యెను. 2022 నాటికి ఆ బిరుదమును ఎనిమిది మార్లు గెలిచెను. కాని వోస్ వంటివారు తరమునకొకరు. ఆమెను చూపి, “చూడుడు, వేరు పోటీ యెందులకు?” అనుట, ఈతగాడొకడు వరదను దాటెనని వంతెన కట్టుట మానుట వంటిది. మొదటి పందెముననే బాటనుండి తొలగింపబడిన బాలిక రెండవ పందెమునకు వచ్చునా? వచ్చెదననినను, ఇంటివారు “ఇక చాలును, చదువు చూచుకొమ్ము” అనక మానుదురా?

ఈ లోపమును ఎత్తి చూపినవారిలో ఇంగ్లండు జాతీయ విజేతగా పలుమారులు నిలిచిన హెలెన్ వైమన్ ముఖ్యురాలు. ఆమె అంతర్జాతీయ సైకిలు సంస్థయొక్క సైక్లోక్రాసు సంఘమున సభ్యురాలై, స్త్రీలకు సమానమగు బహుమానమును, బాలికలకు వేరు పందెమును కావలెనని పట్టుదలతో వాదించెను. 2016లో ఇరువదిమూడేండ్లకు లోబడిన యువతులకు, 2020లో బాలికలకు ప్రపంచపు పోటీలు ఏర్పడినవి. మొదటిదానిని గెలిచిన ఇంగ్లండు యువతి ఈవీ రిచర్డ్సు 2021లో కొండబాట సైకిలు పందెమున ప్రపంచ విజేత యయ్యెను. రెండవదానిని గెలిచిన షిరిన్ ఫాన్ ఆన్‌రోయ్ 2022లో ఫ్రాన్సు మహాపందెపు స్త్రీల విభాగమున యువతులలో శ్రేష్ఠురాలై తెల్లచొక్కా ధరించెను. ఈ పోటీలు లేకున్నను వీరు రాణించియుందురేమో. కాని వీరి వెనుక పదవ స్థానమునను, ముప్పదవ స్థానమునను వచ్చి, మరుసటియేట మరల వచ్చిన బాలికల మాటయో? చోటు కల్పించుటవలని ఫలము వారియందే కానవచ్చును.

మన దేశమున బైసికిలు బాలికకు బడిదారి. బీహారు ప్రభుత్వము 2006లో తొమ్మిదవ తరగతి బాలికలకు సైకిళ్లిచ్చు పథకమును మొదలిడిన పిమ్మట పలువురు చదువు మానక సాగించిరి. దారి కల్పించినచో మన పిల్లలు ఆగరనుటకు అదియొక నిదర్శనము. ఆటలయందు మాత్రము మనమింకను దారి కల్పింపలేదని మాకు తోచుచున్నది. మా వారు ఉపాధ్యాయులగుటచే బడి క్రీడోత్సవములను మేము ఏటేట చూచుచున్నాము. ఆరవ తరగతి పరుగుపందెమునకు బాలికలు బారులు తీరుదురు. పదవ తరగతి వచ్చునప్పటికి వారిని వ్రేళ్లపై లెక్కింపవచ్చును. వారి కాళ్లలో బలము తగ్గలేదు. చివర వచ్చినచో నవ్వుదురను భయము పెరిగినది, ఇంటిపని పెరిగినది, ఆడుమని చెప్పు నోరు తగ్గినది.

కావున సోదరీమణులారా, మన పిల్లలకు కొండలెక్కు బండ్లు కొనిపెట్టుమని మేము కోరుట లేదు. మీ బడిలోనో, మీ వీధిలోనో పందెము జరిగినప్పుడు గెలిచిన పిల్లకు బహుమానమిచ్చుటకు పెద్దలుందురు. మీరు రెండవ కొసన నిలువుడు. చివరి బాలిక గీత దాటువరకు అచ్చటనుండి కదలకుడు, ఎవరిని తాడు చుట్టనీయకుడు. ఆ దినము సాయంకాలము గిన్నెలు తోము వంతు ఆమెదైనచో, అది మరియొకరు తోముదురు గాక.