పాత సాఫ్టువేరును కొత్త అవసరములకు మలచుట: సహకార సంఘ సభ్యులు గమనింపవలసిన విషయములు



వేరుశనగ విత్తిన గొర్రును మరొక పైరుకు వాడదలచినప్పుడు మీరు గొర్రును పారవేయరు. సాళ్ల ఎడమును మార్చుకొందురు. అయితే సాళ్ల ఎడము మారినప్పుడు అంతరసేద్యపు గుంటకను కూడ దానికి తగినట్లు మార్చకున్న మొక్కలు తెగిపోవును.

సాఫ్టువేరు విషయమును ఇట్టిదే. కంప్యూటరు ఏ లెక్కను ఏ విధముగా చేయవలెనో తెలుపు ఆదేశముల సముదాయమును సాఫ్టువేరు అందురు. అందులో ఒకచోట చేసిన మార్పు, దానిపై ఆధారపడిన ఇతర భాగములను తాకును.

ఒక ఉదాహరణము

1960, 1970 దశకములలో కంప్యూటరునందు సమాచారము దాచు చోటు ఎంతో ఖరీదైనది. కావున సంవత్సరమును చివరి రెండంకెలతోనే వ్రాసిరి. 1975 అనగా 75. ఆనాటికి అది పొదుపైన పద్ధతియే. కాని అట్టి సాఫ్టువేరులు పాతికేండ్ల తరువాత కూడ బ్యాంకులలోను, కార్యాలయములలోను పనిచేయుచుండెను. 1998లో ఇచ్చిన అప్పును 2000లో తీర్చవలసియున్నచో, 00 నుండి 98 తీసివేసి కాలమును లెక్కించిన వడ్డీ తారుమారగును.

సవరణ ముఖ్యముగా రెండు విధముల జరిగెను. సంవత్సరమునకు నాలుగంకెల చోటిచ్చుట మొదటిది. ఇది గట్టి పద్ధతి. కాని పాత లెక్కలన్నిటిని మార్చవలెను. రెండంకెలనే ఉంచి, 49 వరకు 2000 తరువాతివనియు, 50 మొదలు 1900 తరువాతివనియు గ్రహించునట్లు ఆదేశమిచ్చుట రెండవది. ఇది త్వరగా ముగియును; కాని 2050 నాటికి మరల అదే చిక్కు వచ్చును. కావున, మొదట వ్రాసినవారు దేనిని మారదని తలచిరో దానిని ముందు కనిపెట్టవలెను.

మన సంఘములలో

63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములను కంప్యూటరీకరించు పథకమును కేంద్ర మంత్రివర్గము 2022 జూన్ 29న ఆమోదించినది. దేశమంతటికి ఒకే సాఫ్టువేరు అయినను, రాష్ట్రముల అవసరములనుబట్టి మార్చుకొను వీలు కల్పించిరి. అప్పటికే కంప్యూటరులున్న సంఘములు తమ సాఫ్టువేరును దీనితో కలుపుకొనుటకు గాని, దీనినే స్వీకరించుటకు గాని అవకాశమిచ్చిరి.

పాత లెక్కలను కొత్త దానిలోనికి ఎక్కించు సమయమే మిక్కిలి జాగ్రత్త వహింపవలసిన ఘట్టము. పాత పుస్తకములో అసలు, వడ్డీ కలిపి ఒకే వరుసలో వ్రాసియుండవచ్చును. కొత్త సాఫ్టువేరు రెండింటిని వేరుగా అడుగును. విడదీయుటలో పొరపాటు జరిగిన వడ్డీపై వడ్డీ పడును. 2025–26కు కొనసాగించిన కేంద్ర వడ్డీ రాయితీ పథకములో, గడువులోగా పంటరుణము తీర్చిన రైతునకు 3 శాతము అదనపు తగ్గింపు కలదు. గడువు తేదీ ఒక్కటి తప్పుగా చేరినను ఈ లాభము చేజారవచ్చును.

మీరు చేయవలసినవి

1. మార్పునకు ముందే మీ అసలు, వడ్డీ, గడువు తేదీ, వాటాధనము, డిపాజిట్లు తెలుపు కాగితమును కార్యదర్శి సంతకముతో తీసుకొని భద్రపరచుకొనుడు.

2. మార్పు జరిగిన పిమ్మట కొత్త పత్రమును దానితో వరుసవారీగా సరిచూడుడు. పేరు, తండ్రి లేక భర్త పేరు, సర్వే నెంబరు, ఫోను నెంబరు కూడ చూడవలెను.

3. ఒక అప్పునకైనను వడ్డీని చేతితో లెక్కించి పోల్చుడు. రానివారు చదువుకొన్న పిల్లల సాయము పొందవచ్చును.

4. తేడా కనబడిన నోటిమాటతో విడువక, వ్రాతమూలకముగా తెలిపి రశీదు పొందుడు.

5. కొంతకాలము పాత, కొత్త లెక్కలను రెండింటిని నడిపి, అవి సరిపోలిన పిదపనే పాతదానిని ఆపవలెనని సర్వసభ్య సమావేశములో కోరుడు.

పాత పుస్తకములను మాత్రము తొందరపడి తీసివేయనీయరాదు. వివాదము వచ్చిననాడు వాటి అవసరము కలుగును.